అమ్మానాన్నలతో ప్రాగ్, రెండు రాత్రులు: ఏం చూపించాలి, ఏం వదిలేయాలి?

గోదారిగట్టు, సెప్టెంబర్ 21
అందరికీ నమస్కారం. నేను డ్రెస్డెన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి మూడు నెలలు ఉండటానికి వచ్చారు. అక్టోబర్ 10 శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరి, ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేలా ప్రాగ్ తీసుకెళ్దామని అనుకుంటున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చదును నేల మీద నిదానంగా గంటసేపు నడవగలదు కానీ మెట్లు కష్టం, దిగడం ఇంకా కష్టం. శాకాహారి, గుడ్డు కూడా తినదు. నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఏ ఊరెళ్లినా గోడ మీద రాసున్నదంతా చదివితే గానీ కదలరు. ఇంటర్నెట్‌లో "ప్రాగ్‌లో చూడాల్సిన 25 స్థలాలు" లాంటివి చదివేసరికి టెన్షన్ పట్టుకుంది. వెళ్లొచ్చినవాళ్లు కాస్త దారి చెప్పండి.

వల్తావా_ఒడ్డు, సెప్టెంబర్ 21
ఆరేళ్లుగా ప్రాగ్‌లోనే ఉంటున్నాను. మా అత్తమామలకు, మా అమ్మకు, ఆఫీసు వాళ్ల తల్లిదండ్రులకు ఈ ఊరు చాలాసార్లు చూపించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు క్యాలెండర్ చూసుకోవాలి. కోటలోని సెయింట్ వైటస్ కేథడ్రల్ ఆదివారం పొద్దున ప్రార్థనల వల్ల సందర్శకులకు మూసి ఉంటుంది, మధ్యాహ్నం 12కు తెరుస్తారు. యూదుల పేట యోసెఫోవ్‌లోని సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), పాత శ్మశానం శనివారం మూసేస్తారు. కాబట్టి శనివారం పొద్దున కోట, ఆదివారం పొద్దున యోసెఫోవ్. తారుమారైతే రెండు చోట్లా తాళాలే కనిపిస్తాయి. యూదుల పండగలు చాలావరకు ఈ సీజన్‌లోనే వస్తాయి, ఆ రోజుల్లోనూ మూసేస్తారు. మీ తేదీకి తెరిచి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

రెండోది, అమ్మగారి మోకాళ్లు. కోట గుట్ట మీద ఉంది. చాలామంది మాలోస్ట్రాన్‌స్కా స్టేషన్‌లో దిగి పాత మెట్ల దారిలో ఎక్కుతారు. మీరు అలా వెళ్లకండి. 22వ నంబర్ ట్రామ్ ఎక్కి "ప్రాజ్‌స్కీ హ్రాద్" స్టాప్‌లో దిగండి. అక్కడి నుంచి చిన్న వంతెన దాటితే కోట రెండో ప్రాంగణంలోకి వెళ్తారు. దాదాపు అంతా చదునే. చూడటం అయ్యాక మళ్లీ అదే స్టాప్‌కు రండి. కోటలోని గోల్డెన్ లేన్ అనే వీధి వైపు నేల కిందికి వాలుతుంది. అక్కడి నుంచి అందరూ మెట్లు దిగి వెళ్తుంటారు, వాళ్ల వెంట పడకండి. 23వ నంబర్ కూడా ఆ దారిలోనే వెళ్తుంది. పాత కాలపు ట్రామ్, ఎంతో ముచ్చటగా ఉంటుంది కానీ మెట్లు ఎత్తు. అమ్మగారితో ఉన్నప్పుడు 22 కోసమే ఆగండి. 22లో జేబుదొంగలు తిరుగుతుంటారు, బ్యాగు ముందుకు వేసుకోండి.

ఇందూరు_అమ్మాయి, సెప్టెంబర్ 22
మ్యూనిక్ నుంచి మూడుసార్లు వెళ్లాను. నా మాట వింటే శనివారం కుట్నా హోరా వెళ్లండి. ప్రాగ్ నుంచి రైల్లో గంట ప్రయాణం. సెడ్లెట్స్‌లో వేలమంది ఎముకలతో అలంకరించిన చర్చి ఉంది, ప్రపంచంలో ఇంకెక్కడా అలాంటిది చూడలేదు. సెయింట్ బార్బరా చర్చి కూడా అద్భుతం. వెండి గనుల ఊరు కాబట్టి మాస్టారుగారికి చరిత్ర కూడా దొరుకుతుంది.

వల్తావా_ఒడ్డు, సెప్టెంబర్ 22
ఇందూరు_అమ్మాయి గారూ, కుట్నా హోరా నాకూ చాలా ఇష్టం. కానీ వీళ్లకున్న రెండున్నర రోజుల్లో ఒక రోజు తీసేస్తే ప్రాగ్‌కు మిగిలేది ఒకటిన్నర రోజే. పైగా ఎముకల చర్చికి, బార్బరా చర్చికి మధ్య దూరం ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న మనిషిని రైలు మార్చి, బస్సు మార్చి తిప్పడం నాకైతే మనసొప్పదు. మూడు రాత్రులుంటే నేనే వెళ్లమనేదాన్ని.

ఇందూరు_అమ్మాయి, సెప్టెంబర్ 22
నిజమే. నేను స్నేహితులతో వెళ్లాను, పెద్దవాళ్ల సంగతి ఆలోచించలేదు. అయితే ఒకటి మాత్రం వదలకండి, తెల్లవారుజామున చార్లెస్ బ్రిడ్జ్. పది గంటలకు వెళ్తే తిరునాళ్లలో నడిచినట్టే ఉంటుంది, విగ్రహాల ముందు ఆగడానికి కూడా చోటుండదు. అక్టోబర్ రెండో వారంలో సూర్యోదయం ఏడుంపావు ప్రాంతంలో. ఏడింటికల్లా పాత పట్నం వైపు గోపురం దగ్గర ఉంటే నదిలోంచి పొగమంచు లేస్తూ కనిపిస్తుంది. వంతెన పొడవు అర కిలోమీటరు పైచిలుకు, వాహనాలు ఉండవు. అమ్మగారు నిదానంగా నడవొచ్చు.

తిథివారం, సెప్టెంబర్ 22
లెక్కల మాస్టారంటే ఆ వంతెన ముహూర్తం కథ చెప్పాలి. చక్రవర్తి నాలుగో చార్లెస్ 1357లో, 7వ నెల 9వ తేదీన, ఉదయం 5 గంటల 31 నిమిషాలకు పునాదిరాయి వేయించాడని అక్కడ చెబుతారు. సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషాలు వరుసగా రాస్తే 135797531 వస్తుంది. ఎటు నుంచి చదివినా ఒకటే. పాత పట్నం వైపు గోపురం మీద ఆ అంకెలున్నాయని కూడా అంటారు. గచ్చులో కోడిగుడ్లు కలిపారన్న కథ కూడా ఉంది. మన పాత కోటల గానుగ సున్నం గురించి చెప్పుకునే మాటే!

పల్నాటి_కారం, సెప్టెంబర్ 23
తిండి సంగతి నేను చెబుతాను. నాలుగేళ్లు చెక్ దేశంలోని బ్రనోలో చదువుకున్నాను, నేనూ శాకాహారినే.

చెక్ హోటళ్ల మెనూలో "బెజ్‌మసా" అని ఉంటే మాంసం లేనివని అర్థం. కానీ గుడ్డు తినని వాళ్లకు అది సరిపోదు. అందరూ చెప్పే వేయించిన చీజ్, "స్మజెనీ సీర్", గుడ్డులో ముంచి బ్రెడ్ పొడి అద్ది వేయిస్తారు. బంగాళాదుంప అట్టు "బ్రంబోరాక్" పిండిలో గుడ్డు వేస్తారు, చాలాచోట్ల పంది కొవ్వులో కాలుస్తారు. సూపులు ఎక్కువగా మాంసం ఉడికించిన నీళ్లతోనే చేస్తారు. పళ్లు పెట్టి ఉడికించే కుడుముల్లాంటివి ఉంటాయి, "ఓవొట్స్నే క్నెడ్లీకీ", చూడ్డానికి మన పూర్ణం కుడుముల చుట్టాల్లా ఉంటాయి. వాటి పిండిలోనూ గుడ్డు ఉండొచ్చు, అడగాలి. బీఫ్ తినని వాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట "హొవ్యెజీ". గులాష్, స్వీచ్‌కోవా అనే వంటకాలు రెండూ ఎక్కువగా దానితోనే.

"నెయీమ్ మసో" అంటే నేను మాంసం తినను అని. మసో, మాంసం ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు కాబట్టి అమ్మగారికి ఒక్కసారి చెబితే గుర్తుండిపోతుంది. గుడ్డు వద్దంటే "బెజ్ వయెట్స్".

భోజనానికి ధాబా బియాస్ వెళ్లండి. ఉత్తరాది శాకాహార క్యాంటీన్, ఊళ్లో నాలుగైదు చోట్ల ఉంది. ప్లేటులో మనమే వడ్డించుకుంటే తూకం వేసి డబ్బు తీసుకుంటారు. అన్నం, పప్పు, కూర దొరుకుతాయి. చాలా శాఖలు ఆదివారం ఉంటాయో లేదో, సాయంత్రం ఎప్పటిదాకా ఉంటాయో చూసుకుని వెళ్లండి. రైల్లోకి పులిహోర కట్టుకుంటే శుక్రవారం రాత్రి గడిచిపోతుంది. వంటగది ఉన్న గది దొరికితే ఇక మీకు బెంగే లేదు.

గోదారిగట్టు, సెప్టెంబర్ 23
గుడ్డు సంగతి చెప్పి పెద్ద మేలు చేశారు. నేను ఆ వేయించిన చీజ్‌నే నమ్ముకుని ఉన్నాను.

గుంటూరు_చిన్నమ్మ, సెప్టెంబర్ 24
మీరు క్రైస్తవులు కాకపోయినా ఒక చోటు చెబుతాను. మా ఇంట్లో అమ్మమ్మ కాలం నుంచి కిరీటం పెట్టుకున్న బాలయేసు పటం ఉండేది. బెంగళూరు వివేక్‌నగర్ గుడికి మొక్కు తీర్చుకోవడానికి కూడా వెళ్లేవాళ్లం. ఆ స్వరూపం ప్రాగ్‌దని నాకు పెళ్లయి బెర్లిన్ వచ్చేదాకా తెలియదు. అసలు విగ్రహం కోట కింది పేట మాలా స్ట్రానాలో, విజయమాత చర్చిలో ఉంది. మూరెడు ఎత్తుంటుంది అంతే, లోపల కొయ్య, పైన మైనం. 1628లో పోలిక్సేనా అనే ప్రభువుల కుటుంబపు ఆవిడ కార్మెలైట్ సన్యాసులకు ఇచ్చారట. అప్పటి నుంచీ దేశదేశాల భక్తులు పట్టుబట్టలు పంపుతూనే ఉన్నారు, పండగను బట్టి మారుస్తారు. మన ఊళ్లలో అమ్మవారికి చీర మార్చినట్టే ఉంటుంది. పాత దుస్తులు పైన చిన్న మ్యూజియంలో పెట్టారు. చర్చిలోకి టికెట్ లేదు, 22 ట్రామ్ ఆ గుమ్మం ముందే వెళ్తుంది. ఆ విగ్రహం ముందు నిలబడితే అమ్మమ్మ గుర్తొచ్చి చాలాసేపు కదల్లేకపోయాను.

నెల్లూరు_నడక, సెప్టెంబర్ 24
డబ్బు గురించి ఎవరూ చెప్పలేదు. చెక్‌లో యూరో కాదు, కొరునా. కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. ఏటీఎంలో "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అని అడిగితే వద్దనండి, కొరునాలోనే తీయండి. మార్చమంటే వాళ్ల రేటు వేస్తారు, నష్టపోతాం.

వీధి పక్క మార్పిడి కొట్ల దగ్గర జాగ్రత్త. పోయినేడు పాత పట్నంలో "కమిషన్ సున్నా" అని పెద్ద బోర్డున్న ఒక కొట్లో నేను 100 యూరోలు ఇచ్చాను. చేతికొచ్చింది లెక్కపెడితే అయిదో వంతు తక్కువ. పక్కన నిలబడ్డ ఒక చెక్ పెద్దాయన రసీదు చూసి, మూడు గంటల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చని చెప్పాడు. 2019 నుంచి అక్కడ చట్టం అలా ఉంది, 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లో రద్దు చేసుకోవచ్చు. రసీదు చూపించి అడిగితే గొణుక్కుంటూ ఇచ్చారు. రోడ్డు మీద నిలబడి మంచి రేటిస్తానని పిలిచేవాళ్ల దగ్గరికి మాత్రం అసలు పోవద్దు, వేరే దేశాల చెల్లని నోట్లు అంటగడతారు.

ఇంకో మాట. కాగితం టికెట్ కొంటే పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే, ఫైన్ వేస్తారు. 24 గంటల టికెట్ మొదటిసారి ఒక్కసారి ముద్ర వేస్తే చాలు.

వల్తావా_ఒడ్డు, సెప్టెంబర్ 25
బస ఎక్కడో చెప్పడం మరిచాను. పాత పట్నం చౌరస్తా చుట్టుపక్కల రాత్రిళ్లు తాగి అరిచేవాళ్లుంటారు. వినోహ్రాడిలో, నామెస్టీ మీరు దగ్గర చూసుకోండి. ప్రశాంతమైన పేట, 22 ట్రామ్ అక్కడి నుంచి నేరుగా కోటకు పోతుంది. అయితే ఆ స్టేషన్‌లో మెట్రో వద్దు, ట్రామే ఎక్కండి. అక్కడి ఎస్కలేటర్ పొడవు 87 మీటర్లు, వేగం కూడా ఎక్కువ. మా అత్తగారు సగం దారిలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

పై నుంచి ఊరు చూడాలంటే పాత టౌన్ హాల్ గోపురం. లోపల లిఫ్ట్ ఉంది. కేథడ్రల్ గోపురానికి 280కి పైగా మెట్లు, వదిలేయండి. పెత్రీన్ కొండ మీది ఇనుప గోపురం 1891 నాటిది. ఆ కొండకు వెళ్లే తాళ్ల రైలును పునర్నిర్మాణం కోసం 2024లో ఆపేశారు కాబట్టి ఈసారికి దాని జోలికి పోవద్దు.

శనివారం మధ్యాహ్నం అమ్మగారు అలసిపోతారు. అప్పుడు నది మీద గంట సేపు పడవ ఎక్కండి. కూర్చున్న చోటి నుంచే వంతెనలు, కోటా కనిపిస్తాయి.

బెర్లిన్_బాబాయ్, సెప్టెంబర్ 25
డ్రెస్డెన్ నుంచి రైలు రెండున్నర గంటల లోపే. ప్రాగ్ వైపు వెళ్లేటప్పుడు ఎడమ పక్క కిటికీ సీట్లు తీసుకోండి. ఎల్బే నది మీ పక్కనే వస్తుంది, సాక్సనీ రాతి కొండలు కనిపిస్తాయి. చీకటి పడే రైలు బుక్ చేస్తే ఆ అందమంతా పోతుంది. అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఒరిజినల్ దగ్గరుంచుకోండి. సరిహద్దు తనిఖీలు లేని షెంగెన్ దేశాలే అయినా జర్మనీలోకి తిరిగొచ్చేటప్పుడు పోలీసులు రైల్లోకి ఎక్కి అడుగుతున్నారు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. మీ రెసిడెన్స్ కార్డు కూడా మరవకండి.

తిథివారం, సెప్టెంబర్ 26
మాస్టారుగారి కోసం పాత టౌన్ హాల్ గోడ మీది ఖగోళ గడియారం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. చాలామంది గంట కొట్టే వేళకు గుంపుగా చేరి, పైన కిటికీల్లో 12 మంది అపోస్తలులు తిరిగి, అస్థిపంజరం గంట లాగి, కోడి కూయగానే "ఇంతేనా" అని వెళ్లిపోతారు. ఆ బొమ్మలు తర్వాత చేర్చినవి. అసలు గొప్పతనం ఆ కిటికీల కింద ఉన్న రెండు పళ్లేల్లో పైదాంట్లో ఉంది. అది 1410 నాటిది.

నీలం రంగు పగలు, నలుపు రాత్రి. దాని మీద పక్కకు జరిగినట్టు తిరిగే చిన్న చక్రం రాశిచక్రం. బంగారు సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు ఎక్కడున్నాడో, ఎంత వెలుగుతో ఉన్నాడో చూపిస్తుంది. అంటే గోడ మీద పెట్టిన పంచాంగం. అన్నిటికంటే బయటి వలయంలో పాత చెక్ గంటలుంటాయి. వాళ్లకు అప్పట్లో రోజు సూర్యాస్తమయంతో మొదలయ్యేది, అందుకే 24 అంకె సూర్యుడు గుంకే వేళకు సరిపడేలా ఆ వలయం ఏడాదంతా కొద్దికొద్దిగా జరుగుతుంది. మనకు సూర్యోదయంతో, వాళ్లకు అస్తమయంతో. పగటిని 12 భాగాలు చేసే వంపు గీతలు కూడా ఉన్నాయి, వేసవిలో ఆ గంట పొడుగు, చలికాలంలో పొట్టి. పగటిని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం లెక్కగట్టే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది.

గంట కొట్టే వేళకు కాకుండా, కొట్టిన పావుగంటకు వెళ్లండి. గుంపు ఉండదు, తీరిగ్గా చదువుకోవచ్చు.

గోదారిగట్టు, అక్టోబర్ 14
వెళ్లొచ్చాం. మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, రేపు ఎవరికైనా పనికొస్తుంది.

శుక్రవారం ఎడమ పక్క సీట్లు దొరికాయి. పులిహోర పొట్లాలు విప్పేసరికి ఎల్బే కొండలు మొదలయ్యాయి. పాపికొండలు గుర్తొచ్చాయంది అమ్మ.

శనివారం ఏడింటికి వంతెన మీద ఉన్నాం. మేము, ఒక ఫొటోగ్రాఫర్, ఇద్దరు పరుగెత్తేవాళ్లు. నెపోముక్ యోహాను విగ్రహం కింద కంచు బొమ్మ అందరూ తాకి తాకి మెరిసిపోతోంది. 1393లో రాజు ఆయన్ని నదిలోకి తోయించాడని చెబితే అమ్మ నది వైపు తిరిగి దండం పెట్టింది. నాన్న 135797531ని జేబు పుస్తకంలో రాసుకున్నారు.

తర్వాత 22 ఎక్కి కోటకు. తొమ్మిదికి తెరవగానే కేథడ్రల్‌లోకి వెళ్లాం. 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేశారని చదివి నాన్న ఆగిపోయారు. మొదటి రాయి పేర్చిన మేస్త్రీ తర్వాత ఎన్ని తరాలో అని లెక్కేశారు. ఎడమ పక్క చెక్ చిత్రకారుడు ముఖా చేసిన రంగుటద్దాల కిటికీ ముందు అమ్మ బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చుంది. గోల్డెన్ లేన్ వదిలేశాం, వాలు చూసి అమ్మ వద్దంది. బాధ అనిపించలేదు.

గుంటూరు_చిన్నమ్మ గారూ, దిగే దారిలో బాలయేసు దగ్గర ఆగాం. ఆ రోజు ఆకుపచ్చ పట్టు వేసి ఉంది. మీ అమ్మమ్మగారి పేరు తెలియదు గానీ, ఆవిడ కోసం అమ్మ ఒక కొవ్వొత్తి వెలిగించింది.

వాట్సలావ్ చౌరస్తాలో అనుకోకుండా బాటా కనిపించింది, పెద్ద అద్దాల భవనం, 1929 నాటిదట. బాటా మన దేశపు కంపెనీ అని నాన్న ఇన్నాళ్లూ నమ్మారు. 1894లో ఇక్కడి జ్లీన్ ఊళ్లో పుట్టిందని చెబితే, హైస్కూల్లో చేరినప్పుడు తాతయ్య కొనిచ్చిన మొదటి బూట్ల సంగతి ఆ మెట్ల మీద నిలబడి మొదటిసారి మాకు చెప్పారు.

ఆదివారం యోసెఫోవ్ తెరిచే ఉంది. పింకాస్ సినగాగు గోడల నిండా, నాజీల చేతిలో చనిపోయిన దాదాపు 78,000 మంది యూదుల పేర్లు, చిన్న చిన్న అక్షరాల్లో. పై అంతస్తులో తెరెజీన్ అనే నాజీ నిర్బంధ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. అమ్మ మెట్లెక్కలేక కిందే ఉండిపోయింది. నాన్న ఒక్కరే వెళ్లి వచ్చారు. ముప్ఫై ఆరేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు, మేమూ కదిలించలేదు. పెద్దవాళ్లను అక్కడికి తీసుకెళ్లేవాళ్లు ఆ తర్వాత గంటసేపు ఏ పనీ పెట్టుకోకండి.

తప్పు జరిగింది ఒక్కటే. శనివారం మధ్యాహ్నం పడవ ఎక్కకుండా షాపుల వైపు నడిపించాను. రాళ్లు పరిచిన వీధుల్లో అమ్మ మోకాలు వాచింది, రాత్రి ఐస్ పెట్టాల్సి వచ్చింది. వల్తావా_ఒడ్డు గారి మాట వినాల్సింది.

ఇక గడియారం. తిథివారం గారూ, నాన్న అక్కడ గంటన్నర ఉన్నారు. మీరు రాసింది ప్రింట్ తీసి పట్టుకెళ్లారు. ఒక సందేహం మాత్రం తీరలేదు. గడియారంలో సూర్యుడు తులలో ఉన్నాడు. తెచ్చుకున్న పంచాంగంలో ఆ రోజు రవి కన్యలోనే ఉన్నాడు. "గడియారం తప్పా, నేను చదవడం తప్పా" అని రైల్లో కూడా నాన్నకు అదే ఆలోచన.

తిథివారం, అక్టోబర్ 14
రెండూ కాదు, ఆయన చదవడం పూర్తిగా సరైనదే. ఆ గడియారం వసంత విషువత్తు దగ్గర మేషం మొదలుపెడుతుంది, అంటే సాయన పద్ధతి. మన పంచాంగం నక్షత్రాలను ఆధారం చేసుకున్న నిరయన పద్ధతి. రెండింటికీ ఇప్పుడున్న తేడా సుమారు 24 డిగ్రీలు, దాన్నే అయనాంశ అంటాం. అందుకే వాళ్ల సూర్యుడు సెప్టెంబర్ 23 ప్రాంతంలో తులలోకి వెళ్తే, మనకు తులా సంక్రమణం అక్టోబర్ 17 ప్రాంతంలో వస్తుంది. వీధిలో నిలబడి ఆ తేడా పట్టుకున్నారంటే మాస్టారుగారికి నా నమస్కారాలు చెప్పండి.

గోదారిగట్టు, అక్టోబర్ 15
చదివి వినిపించాను. "అయనాంశ! నాకెందుకు తట్టలేదు" అని లేచి కూర్చున్నారు. మీ నంబర్ అడుగుతున్నారు, మెసేజ్ పెట్టాను చూడండి.

కొత్త_సభ్యుడు_ఖమ్మం, అక్టోబర్ 19
ఈ చర్చ మొత్తం చదివాను. మేము డిసెంబర్ రెండో వారంలో రెండేళ్ల పాపతో వెళ్తున్నాం. ఇవన్నీ అప్పుడూ పనికొస్తాయా?

వల్తావా_ఒడ్డు, అక్టోబర్ 19
చాలావరకు పనికొస్తాయండి. కాకపోతే డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది. కోట లోపలి భవనాలు కూడా ఆ నెలల్లో సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు, కాబట్టి కోట పొద్దున్నే పెట్టుకోండి. చీకటి పడ్డాక పాత పట్నం చౌరస్తాలో క్రిస్మస్ సంత చూడొచ్చు. గడియారం కింద జనం విపరీతంగా ఉంటారు, పాపను ఎత్తుకునే ఉండండి. రాళ్ల వీధుల్లో స్ట్రాలర్ చక్రాలు కదలవు, ఒంటికి కట్టుకునే క్యారియర్ తెచ్చుకోండి. చలికి పాపకు లోపల ఒక జత ఉన్ని బట్టలు ఎక్కువే వేయండి. బస ఎక్కడ చూసుకున్నారు?